నాలుగు వేళ్ళ అతుకు

కొత్త చీర వస్తే అందరిళ్ళలో ముందు ఫాల్ కుట్టిస్తారు. మా ఇంట్లో ముందు అతుకు వేసేవారు.

నేను పొడగరిని. మామూలు పొడుగు కాదు. రేపల్లెలో మా వీధి గుమ్మాలన్నిటికీ నా నుదురు తెలుసు. ఏ చీర కట్టినా పన్నా చాలేది కాదు. అంచు నేలదాకా రాకుండా చీలమండల పైనే ఆగిపోయేది. అందుకని మా అమ్మ నాన్నగారి పాత పంచెలు చింపి, నాలుగు వేళ్ళ వెడల్పున పట్టీలు తీసి, చీరకు పై అంచున, అంటే లంగాలోకి దోపుకునే వైపున కుట్టేది. పట్టీ లోపలికి పోతుంది, చీర నాలుగు వేళ్ళు కిందికి దిగుతుంది. బయటికి ఏమీ కనపడదు. కుడుతున్నంతసేపూ పైకే ప్రార్థన చేసేది. "ప్రభువా, దీన్ని ఇక్కడితో ఆపు తండ్రీ. ఇంక మా ఇంట్లో పంచెల్లేవు" అని.

అతుకుతో సరిపోనిచోట అమ్మకు ఇంకో ఉపాయం ఉండేది, వంగడం. గుళ్ళో, అంటే మా చర్చిలో, పాటకు లేచి నిలబడితే వెనక నుంచి మెల్లగా నా జాకెట్టు లాగేది. "కొంచెం వంగమ్మా." పంపు దగ్గర, పెళ్ళిళ్ళలో, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఎక్కడైనా అదే మాట. ఆమెను తప్పుపట్టలేను. ఆడపిల్ల తల అందరికంటే పైన కనపడితే అందరి కళ్ళూ అక్కడికే పోతాయని ఆమె భయం. నేనూ వంగాను. వంగి వంగి, వంగుతున్నానన్న సంగతే మర్చిపోయాను.

చిన్నతనంలో ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. చదువంతా ఇంట్లోనే సాగింది. లెక్కలు నాన్నగారు చెప్పారు, చదవడం మా నాయనమ్మ నేర్పింది. సాయంత్రం నాట్ల నుంచి, కోతల నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళు మా వసారాలో కాసేపు కూర్చునేవారు. చాలామందికి చదువు రాదు. వాళ్ళకు బైబిల్లోంచి వాక్యం చదివి వినిపించే పని నాయనమ్మ నాకు అప్పగించింది. "అందరికంటే చివర కూర్చున్నదానికి వినపడాలే. అలిసిపోయి వచ్చింది పాపం, దాన్ని చెవులు రిక్కించి కష్టపడనివ్వకూడదు" అనేది. అలా నా గొంతు చివర కూర్చున్న మనిషి కోసం తయారైంది. ఆ ఒక్క విషయంలో నాకు ఎప్పుడూ బెరుకు లేదు. చాప మీద కూర్చుని చదివేదాన్ని కదా, కూర్చుంటే నేనూ అందరిలాంటిదాన్నే.

రెండువేల సంవత్సరం దాటాక నాకు తెనాలి సంబంధం కుదిరింది. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. మనిషి నా చెవి దాకా వస్తారు. గుళ్ళో పెళ్ళయ్యాక ఫొటోలు తీసే ఆయన మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, కెమెరాలోంచి చూసి, వెళ్ళి ఒక కుర్చీ తెచ్చాడు. "పెళ్ళికూతురు కూర్చోవాలండి" అన్నాడు.

"నేను కూర్చుంటే పోదాండీ? పొద్దుటి నుంచీ నిలబడి కాళ్ళు లాగుతున్నాయి" అన్నారు మా ఆయన.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు గానీ ఎవరూ ఒప్పుకోలేదు. నన్నే కూర్చోబెట్టారు. మా పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ నేను కూర్చునే ఉంటాను. ఆయన మాత్రం ఆ రోజు నుంచీ "మనిద్దరం నిలబడి ఒక ఫొటో దిగాలి" అంటూ ఉండేవారు. నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఇక మా అత్తయ్య. పిట్టలవానిపాలెంలో చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, రిటైరై తెనాలి వచ్చేసింది. నా భుజం దాకా కూడా రాదు. కానీ ఆ మనిషి కట్టూబొట్టూ చూడాలి. బొట్టంటే మా వాళ్ళలో బొట్టు లేదు గానీ, మాటవరసకి. గంజి పెట్టిన నూలు చీర, కుచ్చిళ్ళు పేర్చిన కాగితాల్లా, భుజం మీద ఒక పిన్ను, ఎడమ చేతికి తోలు పట్టీ గడియారం, ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు. కొత్తిమీర కట్ట కోసం మార్కెట్టుకు వెళ్ళినా అదే తీరు. ఆమె నడిచి వెళ్తుంటే మా వీధికి ఇస్త్రీ చేసినట్టుండేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఇల్లు ఊడ్చి లేచిన నన్ను నిలబెట్టి అడిగింది.

"అమ్మాయ్, ఏమన్నా పారేసుకున్నావా?"

"లేదత్తయ్యా."

"కమ్మగానీ, కాలి మట్టెగానీ?"

"లేదండి, అన్నీ ఉన్నాయి."

"మరి పొద్దస్తమానం నేల మీద ఏంటి వెతుకుతున్నావ్?"

నాకు నిజంగానే అర్థం కాలేదు. చెవులు తడుముకున్నాను కూడా. పక్క గదిలో ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు. తర్వాత రోజూ అదే ప్రశ్న. "దొరికిందా అమ్మాయ్?" అనేది. కొన్నాళ్ళకు నేనే "ఇంకా లేదత్తయ్యా, చూస్తున్నాను" అనడం మొదలుపెట్టాను. మా ఇద్దరి మధ్యా చనువు అలా మొదలైంది.

ఆ ఇంట్లో నడవా గోడకు ఒక అద్దం ఉండేది. అత్తయ్య ఎత్తుకు కొట్టిన మేకు. నేను నిలబడితే అందులో మెడ వరకే కనపడేదాన్ని. ముఖం చూసుకోవాలంటే మోకాళ్ళు వంచాలి. నేను ఏమీ అనుకోకుండా వంచేదాన్ని. ఒక ఆదివారం పొద్దున గుడికి తయారవుతూ అలా వంగి జడ వేసుకుంటుంటే అత్తయ్య చూసింది. ఆ సాయంత్రమే ఆయన చేత సుత్తి పట్టించింది.

"ఎక్కడ కొట్టమంటావమ్మా?" అని ఆయన అడిగితే, "దాని ముఖం కనపడేచోట కొట్టరా" అంది.

"మరి నీకు?"

"నాకు పీట లేదా?"

అద్దం పైకి వెళ్ళింది. ఆ రోజు నుంచి అత్తయ్య తల దువ్వుకోవాలంటే పీట ఎక్కేది. ఇంటికి వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోతే "కోడలొచ్చాక నా హోదా పెరిగిందమ్మా" అనేది. ఆ అద్దంలో మొదటిసారి నిటారుగా నిలబడి నా ముఖం, మెడ, భుజాలు, చీర మడతలు అన్నీ కలిపి చూసుకున్న రోజు నాకు బాగా గుర్తు. ఇన్నాళ్ళూ నన్ను నేను ముక్కలుగానే చూసుకున్నాననిపించింది. ఆ రోజు ప్రార్థనలో అద్దం కోసం కూడా స్తోత్రం చెప్పాను.

కట్టు కూడా ఆమే నేర్పింది. అంతవరకు నేను చీరను చుట్టుకునేదాన్ని, కట్టుకునేదాన్ని కాదు. "ఇలా నిలబడు. ఇప్పుడు నీ అలవాటు ప్రకారం వంగు. వెనక చూసుకో. అంచు లేచిపోయింది చూశావా? ముందు పైట జారిపోయింది. దాచుకుందామని వంగితే ఉన్నది కాస్తా బయటపడుతోంది. ఇప్పుడు నిలబడు. భుజాలు వదులు. ఆఁ, చీర చూడు ఎంత హాయిగా దిగిందో." రాగి నీళ్ళకాగు రంగు, ముదురు ఆకుపచ్చ నాకు నప్పుతాయని, చిన్న చిన్న పూల చీరలు నా ఒంటి మీద తప్పిపోయిన పిల్లల్లా కనపడతాయని, పెద్ద అంచు నిర్భయంగా కట్టుకోవచ్చని చెప్పింది. తన చీర కట్టుకునేటప్పుడు పై అంచును నాలుగు వేళ్ళు లోపలికి మడిచేది. ఆమెకు పన్నా ఎక్కువ. "నీకు చాలనిది నాకు మిగులుతోంది. దేవుడు మనిద్దరికీ కలిపి కొలత తీసుకున్నాడేమోనే" అని నవ్వేది.

ఇంట్లో ఇంత నేర్చుకున్నా, వీధి గడప దాటితే నా మెడ మళ్ళీ తనంతట తానే కిందికి పోయేది.

అప్పుడు వచ్చింది బాపట్ల కబురు. చుట్టుపక్కల చర్చి సంఘాల స్త్రీల సమాజాలన్నీ ఏడాదికోసారి ఒకచోట కూడుకుంటాయి. ఆ ఏడు బాపట్లలో. ప్రతి సమాజం ఒక పాట పాడాలి, ఒకరు ముందుకు వెళ్ళి వాక్యం చదవాలి. మా పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, ఇంటికొచ్చి నన్ను అడిగింది.

"మన తరఫున నువ్వు చదవాలమ్మా. నీ గొంతు గుడి బయట చెప్పుల దగ్గరికి కూడా వినపడుతుంది."

నేను వెంటనే తల అడ్డంగా ఊపాను. చదవాలని లేక కాదు. నాయనమ్మ పోయాక పదిమంది ముందు చదివే అవకాశం నాకు మళ్ళీ రాలేదు. మా తెనాలి గుళ్ళో ఆడవాళ్ళ ప్రార్థనలో చాప మీద కూర్చుని చదివింది తప్ప. నాకు తెలిసిన పని అదొక్కటే, దేవుడు ఇచ్చిందీ అదే. కానీ అంత పెద్ద సభలో వేదిక మీద నిలబడి చదవాలి. నిలబడి!

"వేరే ఎవరినన్నా చూడండి అమ్మగారూ" అన్నాను.

"చదువుతుందండి" అంది అత్తయ్య లోపలి నుంచి, పప్పు ఎనుపుతూ.

మా సమాజానికి ఒకే రకం చీరలు. తెల్ల నూలు చీర, నీలం అంచు. అందరికీ ఒకేసారి ఒకే కొట్లో తీసుకున్నారు. నేను నా చీర పట్టుకుని రేపల్లె వెళ్ళాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, నాన్నగారి పంచెల్లో అన్నిటికంటే తెల్లనిది వెతికి తీసి, అతుకు వేసింది. ఆ కుట్టు ఎంత సన్నగా వేసిందంటే వేలితో తడిమితే తప్ప తెలియదు. దారం కొరుకుతూ జాగ్రత్తలు చెప్పింది.

"అక్కడ మైకు ఉంటుంది గదమ్మా. మైకు దగ్గరికి అందరూ వంగుతారు. నువ్వూ కాస్త వంగితే ఎవరూ ఏమనుకోరు."

అది నాకు ఎంతో ఊరటనిచ్చింది. నిజమే, మైకు ఉంటుంది. వంగడానికి ఒక కారణం ఉంటుంది.

మా సమాజంలో ఇంకో ఆనవాయితీ ఉంది. సభకు వెళ్ళే ముందు అందరి చీరలూ ఒకేచోట ఉతికి, ఒకే గంజి పెడతాం. ఎవరింట్లో వాళ్ళు పెట్టుకుంటే ఒకరి చీర అప్పడంలా, ఇంకొకరిది వడిలిన తోటకూరలా ఉంటుందని అత్తయ్య పెట్టిన పద్ధతి. ఆ శుక్రవారం మా పెరట్లో పెద్ద గిన్నెలో గంజి కాచారు. ఆడవాళ్ళంతా వచ్చారు. ఎవరి చీర ఎవరిదో తెలియడానికి ప్రతివాళ్ళూ మూలన ఒక రంగు దారం కుట్టుకున్నారు. నాది ఆకుపచ్చ.

గంజిలో ముంచబోతూ అత్తయ్య ఆగింది. "ఏంటీ దారాలు? వేడి గంజిలో రంగు దిగితే? తెల్ల చీరలమ్మా! తీసెయ్యండి అన్నీ."

"మరి ఎవరిది ఎవరికి పోతుందో ఎట్టా పిన్నీ?" అని అడిగింది ఆస్పత్రిలో నర్సుగా చేసే వదిన. నన్ను ఆటపట్టించడంలో ఆమె తర్వాతే ఎవరైనా. గుళ్ళో పక్కన నిలబడితే "మరదలా, పైన వాన పడుతోందా?" అని అడిగే మనిషి.

"అన్నీ ఒకటే చీరలు గదే. ఎవరికేది వస్తే ఏంటి? మన సమాజంలో నీది నాది ఏంటి?" అంది అత్తయ్య.

అది వినడానికి బాగుంది. అందరం ఆమెన్ అన్నట్టు తలలూపి దారాలు పీకేశాం. నేనూ పీకేశాను. నా చీర ఒకటే కాదన్న సంగతి ఆ క్షణాన అత్తయ్యకు గానీ నాకు గానీ తట్టలేదు. గంజి పొగలో, నవ్వుల్లో, ఎవరో పాట ఎత్తుకున్న సందడిలో ఎలా తడుతుంది? ఎండిన చీరలన్నీ ఒకే మూటగా ఇస్త్రీకి వెళ్ళి, ఒకే మూటగా తిరిగొచ్చాయి. మడత పెడితే అతుకు లోపలికి పోయింది. తలా ఒకటి తీసుకున్నారు. నర్సు వదిన కూడా ఒకటి తీసుకుంది. మర్నాడు పొద్దున ఆమెకు డ్యూటీ పడింది, రాలేనని కబురు చేసింది. పాపం, ఎంత ఆశపడిందో.

తెల్ల చీరలు నలగకూడదని రంగు చీరల్లో ప్యాసింజరు ఎక్కాం. మా ఇద్దరి చీరల మూట అత్తయ్య ఒళ్ళో, గొడుగు దాని మీద. ఆయన పులిహోర గిన్నెలు మోయడానికి వచ్చారు. బాపట్లలో గుడి పక్కన బడి గది ఒకటి మాకు ఇచ్చారు, బట్టలు మార్చుకోవడానికి. నేను చీర విప్పి దోపుకోవడం మొదలుపెట్టాను. పై అంచు తడిమాను. మళ్ళీ తడిమాను. ఆ కొస నుంచి ఈ కొస దాకా వేలు జరిపాను. కుట్టు లేదు.

"అత్తయ్యా" అన్నాను. పై అంచు ఎత్తి చూపించాను.

ఆమె వచ్చి చూసింది. తనూ తడిమింది. అక్కడున్న వాళ్ళందరి చీరలూ తడిమింది. గది మధ్యలో నిలబడి "నర్సు దగ్గరుండిపోయింది" అంది. ఆమె ముఖం అలా వాడిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. "తప్పు నాదే. దారాలు పీకించింది నేనేగా."

కట్టి చూశాం. చీలమండల పైన నాలుగు వేళ్ళు ఖాళీ. నాట్లకు దిగబోతున్నదానిలా ఉన్నాను. పక్కన గుళ్ళో అప్పటికే పాటలు మొదలయ్యాయి. మా వంతుకు ఎక్కువసేపు లేదు. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడారు.

"లంగా కాస్త కిందికి కట్టుకోమ్మా, దిగుతుంది."

"దిగుతుంది, నడుం కూడా బయటికొస్తుంది. వాక్యం చదవడానికా, దేనికి?"

"పోనీ కట్టుకొచ్చిన ఆకుపచ్చ చీరతోనే చదవమనండి."

"అందరం తెల్లగా ఉండి ఇది ఒక్కటే పచ్చగా! ఇప్పటికే కనపడడం లేదా ఏంటి?"

చివరికి అమ్మగారు మెల్లగా అంది. "ఒక పని చేద్దాం. వేదిక మీద కుర్చీ వేయిస్తాను. కూర్చుని చదువుతుంది. కాలు నొప్పి అని చెబితే సరిపోతుంది. ఎవరికీ ఏమీ కనపడదు."

నా ప్రాణం లేచొచ్చింది. కూర్చుని చదవడం! మా వసారాలో చదివినట్టే. తలుపు తెరుచుకున్నట్టు అనిపించింది. సరేనని నోటి దాకా వచ్చింది. అత్తయ్య వైపు చూశాను. ఆమె నా కాళ్ళ దగ్గర కుచ్చిళ్ళు సర్దుతూ కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అంది.

"కాలు నొప్పి లేదు గదండీ అమ్మగారూ. అబద్ధమాడి వెంటనే వాక్యమెట్టా చదువుతుంది?" ఆ తర్వాత నా వైపు చూసింది. "నీ ఇష్టం అమ్మాయ్. నువ్వు చదవలేనంటే ఇంకెవరన్నా చదువుతారు, నేనేమీ అనుకోను. కానీ ఒకటి చెప్తా. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు గానీ, ఎవరి అంచు ఎక్కడిదాకా ఉందో కొలవలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు ఉండగానే. వంగి కాళ్ళ వైపు చూసుకున్నాను. వంగితే వెనక అంచు ఇంకా లేస్తుందని ఆమె చెప్పిన పాఠం గుర్తొచ్చింది. చీర ఎటూ కురచే. దాన్ని నేనింకా కురచ చెయ్యనక్కర్లేదు కదా.

"నిలబడే చదువుతానత్తయ్యా" అన్నాను.

ఆమె పిన్నుతో నా పైట భుజానికి గట్టిగా బిగించింది. దానికోసం బల్ల మీదికి ఎక్కాల్సి వచ్చింది.

మా వాళ్ళు పాట పాడి పక్కకు నిలబడ్డారు. నేను ముందుకు వెళ్ళాను. నాకంటే ముందు చదివింది పొట్టిగా, లక్షణంగా ఉన్న ఒక టీచరుగారు. మైకు ఆమె ఎత్తుకు ఉంది, నా ఛాతీ దాకా. అమ్మ మాట గుర్తొచ్చింది. ఇక్కడ వంగితే ఎవరూ ఏమనుకోరు. మెడ అప్పటికే సగం దిగింది కూడా.

ఎందుకో మా నడవా అద్దం గుర్తుకొచ్చింది. మేకు పీకి పైన కొట్టడానికి ఎంతసేపు పట్టిందని! పక్కన మైకు చూసుకునే పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యగారూ, మైకు కొంచెం పైకెత్తండి" అన్నాను.

మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట గుడంతా మోగింది. అందరూ తలెత్తారు. ఆయన గబగబా వచ్చి మర తిప్పి ఎత్తాడు.

"చాలామ్మా?"

"ఇంకొంచెమండి."

"ఇంకానా?"

"ఇంకానండి."

మర బిగుసుకుపోయి ఉంది, కిర్రుమంది. జనంలో నవ్వులు లేచాయి. చెడ్డ నవ్వులు కావు, ఇంట్లో పిల్ల తల దూలానికి తగిలితే నవ్వే నవ్వులు. నేనూ నవ్వేశాను. మైకు నా నోటి దగ్గరికి వచ్చింది. వీపు నిటారుగా ఉంది, భుజాలు వదులుగా ఉన్నాయి. చీర ఎంతవరకు ఉందో అంతవరకు ఉంది. నాయనమ్మ చెప్పినట్టు చివరి బల్ల మీద ఎవరున్నారో చూశాను. ఒక ముసలావిడ గోడకు చేరబడి కూర్చుంది. ఆమె కోసం చదివాను.

చదువుతున్నంతసేపూ నాకు కాళ్ళున్నాయన్న సంగతి గుర్తు రాలేదు.

అయిపోయాక ఆ ముసలావిడే జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అందరికంటే వెనకాల కూర్చున్నా తల్లీ. ఒక్క మాట జారిపోలేదు" అంది. నేను ఆ చేతులు కళ్ళకద్దుకున్నాను. మా నాయనమ్మ పంపినట్టే వచ్చిందామె. ప్రభువుకు స్తోత్రం.

అత్తయ్య దగ్గరికి వెళ్ళి చెవిలో అడిగాను. "బాగా కనపడ్డాయా అత్తయ్యా?"

"ఏంటి?"

"కాళ్ళు."

"ఏమోనే, నేను కిందికి చూస్తేగా! పైకి చూసీ చూసీ మెడ పట్టేసింది" అంది మెడ రుద్దుకుంటూ.

సాయంత్రం ఆ తెల్ల చీరల్లోనే స్టేషన్‌కు నడుస్తుంటే దారిలో ఒక ఫొటో స్టూడియో కనపడింది. మా ఆయన ఖాళీ గిన్నెలు పట్టుకుని ఆగిపోయారు. బోర్డు వైపు, నా వైపు చూశారు. అడిగీ అడిగీ ఆ మధ్య అడగడం మానేశారు.

"పదండి" అన్నాను నేనే.

స్టూడియో ఆయన మా ఇద్దరినీ తెర ముందు పక్కపక్కన నిలబెట్టాడు. కెమెరాలోంచి చూశాడు. గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చాడు. "అమ్మా, మీరు ఇలా కూర్చుంటే…" అని మొదలుపెట్టాడు.

అత్తయ్య గొడుగు అడ్డం పెట్టి ఆ కుర్చీ అందుకుంది. మా ఇద్దరి ముందూ వేసుకుని, కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. "ఇది నాకేగా బాబూ? పొద్దుటి నుంచీ నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. వాళ్ళకేం, చిన్నవాళ్ళు, నిలబడతారు. తియ్యండి" అంది. పెళ్ళిలో మా ఆయన అన్న మాటే అది. ఎన్నాళ్ళు దాచిపెట్టుకుందో.

నర్సు వదిన నా చీర తిరిగిచ్చేటప్పుడు "ఇది కట్టుకుని రెండుసార్లు బోర్లాపడ్డా మరదలా, మీ అమ్మ కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు" అంది. ఆ అతుకు నేను విప్పలేదు. మా అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని నా కోసం వేసిన కుట్టు అది. భయంతో వేసినా ప్రేమతోనే వేసింది. ఇంట్లో అతుకు చీరలూ ఉన్నాయి, అతుకు లేనివీ ఉన్నాయి. ఏ రోజు ఏది చేతికొస్తే అది కట్టుకుంటాను. రెండిటిలోనూ నిటారుగానే నిలబడతాను.

ఆ ఫొటో మా నడవాలో, అద్దం పక్కన వేలాడదీశాం. ముందు అత్తయ్య గొడుగుతో, వెనక ఆయన, పక్కన ఆయన తల నా చెవి దగ్గరే ఆగేలా నిటారుగా నేను. కుర్చీ పక్కనుంచి నా పాదాలు, చీలమండలు, వాటి పైన నీలం అంచు స్పష్టంగా కనపడతాయి. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరో ఒకరు దాని ముందు ఆగి అడుగుతూనే ఉండేవారు. "ఇదేంటి పిన్నీ, చీర మరీ కురచగా ఉంది?"

అత్తయ్య కాఫీ గ్లాసు అందిస్తూ చెప్పేది.

"చీర కురచ కాదమ్మా. మా కోడలు పొడుగు."